కాగితంలో అక్క

మా ఆడపడుచు మహాలక్ష్మి, మా నోటికి మాలక్ష్మి, నాకంటే ఏడాది చిన్నది. నేను కోడలిగా వచ్చేనాటికి పరికిణీ ఓణీల్లో తిరిగేది. పెళ్ళిపీటల మీద కూర్చున్న నా కాలి బొటనవేలు కావాలని తొక్కి, నీకు నోరుందో లేదో చూద్దామని తొక్కేను వదినా అంది. ఉందని తర్వాత చాలాసార్లు చూపించాను. అలాంటి మనిషికి కిందటేడు నాకంటే ముందే అరవై నిండిపోయాయి. పరాయి దేశం వాళ్ళు ముసలిదానివయ్యావు, ఇంక వెళ్ళమంటే పెట్టె సర్దుకుని వచ్చేసింది. అప్పటికి తన అసలు వయసు యాభై మూడు.

ఇదెలాగో తెలియాలంటే మా వాళ్ళ వయసుల సంగతి చెప్పాలి. మాది రాజోలు దాటాక, గోదావరి సముద్రంలో కలిసే వైపు, చేపల వేట మీద బతికే పేట. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను కాబట్టి పుట్టిన ప్రతి బిడ్డ తేదీ ఇప్పుడు నేనే రాస్తున్నాను. మా తరంలో రాసినవాళ్ళు లేరు. ఫలానా తుఫానుకి ముందు, ఫలానావాళ్ళు కొత్త పడవ దింపిన ఏడు, అంతే లెక్క. వయసంటే మాకు గవర్నమెంటువాళ్ళు అడిగినప్పుడు చెప్పే మాట. పెళ్ళికైతే తగ్గించి చెప్తాం, పింఛనుకైతే పెంచి చెప్తాం. మాలక్ష్మి చదివిన ఐదో తరగతి బడి తొంభై ఆరు తుఫానుకి కప్పుతో సహా లేచిపోయింది. రిజిస్టర్లు ఏ కాలవలో తేలాయో ఎవరూ వెతకలేదు.

అదే తుఫానులో మాలక్ష్మి భర్త వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. అన్నగారు వెళ్ళి పుట్టింటికి తీసుకొచ్చేశారు. అన్నగారంటే మా ఆయన, బంగారరాజు. తల్లీ తండ్రీ పోయాక ఆ పిల్లని నాలుగేళ్ళ పెద్దవాడు తనే పెంచాడు. పడవ మీద కూర్చోబెట్టుకుని వలలు బాగుచెయ్యడం నేర్పాడు. చెల్లాయ్ అని పిలిచేవాడు. ఆ పిలుపు వీధి చివరిదాకా వినపడేది. నన్ను మాత్రం ఏనాడూ పేరుతో పిలవలేదు. ఏమేవ్ అంటే నేను, చెల్లాయ్ అంటే తను. ఈ సంగతి మీద నేను ఆయన్ని దెప్పని రోజు లేదు.

ఏడాది గడిచాక మాలక్ష్మి గల్ఫ్ వెళ్తానంది. మా పేట నుంచి అప్పటికే చాలామంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. మలికిపురంలో ఒక ఏజెంటుండేవాడు. ముప్పై ఏళ్ళు దాటని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదని మన గవర్నమెంటు రూలుందని, సరిగ్గా ముప్పై అంటే అనుమానం వస్తుందని, ముప్పై రెండు వేయిస్తానని చెప్పాడు. తనకప్పుడు పాతికేళ్ళు. ఏడేళ్ళు పెంచితే ఏం పోతుంది అనుకున్నాం. పోయేదేదైనా ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పేటలో అందరూ చేసిన పనే అది. తర్వాత ఆధార్ వచ్చినప్పుడు సెలవులో ఉంది, చేతిలో ఉన్న ఒకే ఒక్క రుజువు పాస్‌పోర్టు కాబట్టి అదే చూపించింది. బ్యాంకులోనూ అదే తేదీ. అలా కాగితాల్లో మాలక్ష్మి తన అన్నకంటే మూడేళ్ళు పెద్దదైపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసింది. ఆ ఇంటావిడని అక్కడి భాషలో మామా, అంటే అమ్మా, అని పిలిచేది. ఆవిడ నలుగురు పిల్లల్నీ తనే ఎత్తుకుంది, తనే తినిపించింది. రెండేళ్ళకోసారి వచ్చినప్పుడు మనిషి అన్నం తింటూ తింటూ ఆగిపోయి, ఈపాటికి వాళ్ళు స్కూల్నించి వచ్చేసుంటారు అనేది. మా అమ్మాయి సత్యశ్రీని చదివించింది తనే, పెళ్ళి చేసిందీ తనే. ఆ లెక్కలు మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఏ దేశమో నేను చెప్పను. మా పేట ఆడవాళ్ళు ఇంకా అక్కడున్నారు. అక్కడ దేశాన్ని ఏలే పెద్దాయన పోయి కొత్తవాళ్ళు అధికారంలోకి వచ్చారు. వస్తూనే బయటి దేశాలవాళ్ళని తగ్గించాలన్నారు. అరవై నిండినవాళ్ళకి డిగ్రీ లేకపోతే అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, మళ్ళీ ఇవ్వం అన్నారు. ఇవ్వాలంటే యజమాని పెద్ద ఇన్సూరెన్సు కట్టాలి, పనివాళ్ళకి జ్వరం వచ్చినా ఇదివరకులా సర్కారు ఆస్పత్రికి పంపడానికి లేదు. మామా చాలా ఏడ్చిందట. ఏడుస్తూనే టిక్కెట్టు కొంది. ఆ ఇంటి చిన్నపిల్ల కార్డులో తేదీ చూసి కేకు తెచ్చిందట. మాలక్ష్మి తన జీవితంలో మొదటి పుట్టినరోజు, ఏజెంటు వేసిన తేదీన, అలా చేసుకుని విమానం ఎక్కింది.

నేను వేళాకోళం చేద్దామనే అనుకున్నాను. పింఛనుకి అప్లై చెయ్యవే ముసలమ్మా అని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. గుమ్మంలో దాని మొహం చూశాక అనలేకపోయాను. దుఃఖం ఉన్న మొహం కాదు. ఏమీ లేని మొహం.

అప్పటికి మా ఆయనకి రెండు కిడ్నీలూ పోయి ఎనిమిది నెలలైంది. బీపీ ఎన్నాళ్ళనుంచి ఉందో మాకు తెలీదు. వేట మానేసి రొయ్యల చెరువుల మీద కాపలా పనికి వెళ్తూ, కాళ్ళు వాస్తే చెరువు నీళ్ళకి అనుకున్నాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఈ సంగతి ఫోన్లో చెల్లెలికి సగమే చెప్పాడు. మాలక్ష్మి వచ్చిన రోజు ఆయన చేతి మీద డయాలసిస్ కోసం కోసి కలపగా తాడులా లేచిన నరం పట్టుకుని చూసి, అది గుయ్యిమంటుంటే చెయ్యి తీసేసింది. వారం తిరక్కుండా తన కిడ్నీ తీసుకోమంది. నాకు షుగరు, నాది పనికిరాదు. సత్యశ్రీ చంటిపిల్ల తల్లి, దాని ఊసెత్తితే ఆయన మందులు మానేస్తానన్నాడు. చెల్లెలిదీ వద్దన్నాడు. తను అన్నం మానేసింది. రెండో రోజు రాత్రికి ఆయనే కంచం పట్టుకెళ్ళి ముందు పెట్టి, నీ ఇష్టమన్నాడు.

"చూసేవా వదినా, వాళ్ళు పంపెయ్యబట్టి సరిపోయింది. అక్కడే ఉంటే ఈ పనెవరు చేస్తారు?" అంది ఆ పూట మాలక్ష్మి. వచ్చాక దాని నోట నేను విన్న మొదటి పూర్తి మాట అదే.

మన దగ్గర కూడా కొత్త ప్రభుత్వం వచ్చింది. ఆరోగ్యం కార్డు పేరు మారింది, దాని మీద బొమ్మ మారింది. వైద్యం ఆగదన్నారు, ఆగలేదు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఎక్కడో కిడ్నీలు కొని అమ్ముతున్నారని పేపర్లో వచ్చిందట. దాంతో పరిశీలన గట్టిపడింది. ఇచ్చేవాళ్ళు నిజంగా రక్తసంబంధీకులేనా అని కమిటీ కూర్చుంటుంది, అందర్నీ విడివిడిగా, కలిపి అడుగుతుంది, వీడియో తీస్తుంది. విశాఖపట్నంలో మేం వెళ్ళిన పెద్దాసుపత్రిలో ఈ వ్యవహారాలు చూసే శ్యామ్ బాబు అనే కుర్రాడు ఇవన్నీ ఓపిగ్గా చెప్పాడు. మేం కూడా అతనికి దాచకుండా ఏజెంటు సంగతి చెప్పేశాం.

అతను చాలాసేపు కాగితాలు తిరగేశాడు. వయసు సరిదిద్దించాలంటే అసలు వయసుకి రుజువు కావాలన్నాడు. అది మా దగ్గర లేదు. ఉన్నా పాస్‌పోర్టు, ఆధార్ అన్నీ మార్పించేసరికి ఏడాది పడుతుందట. బంగారరాజు గారికి అంత వ్యవధి ఉందని డాక్టర్లు అనుకోవట్లేదని కూడా మెల్లిగా చెప్పాడు.

"తహసీల్దారు గారిచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో కూడా అక్క అనే ఉందండి. కాగితంలో ఏముందో నోట్లోనూ అదే ఉండాలండి. అక్క అనండి, తమ్ముడనండి. అంతకంటే ఏం లేదండి," అన్నాడు.

అంతకంటే ఏం లేదనే మేమూ అనుకున్నాం. ఇంటికొచ్చి సాధన మొదలుపెట్టాం. నవ్వొచ్చే పని అది, మొదట్లో నవ్వుకున్నాం కూడా. యాభై ఏడేళ్ళ మనిషి యాభై మూడేళ్ళ చెల్లెల్ని అక్కా అనాలి. తను తమ్ముడూ అనాలి. మరి నా సంగతి? ఇన్నాళ్ళూ తను నన్ను వదినా అంది. ఇప్పుడు తను నా మొగుడికి అక్క కాబట్టి నేను తనని వదినగారూ అనాలి, తను నన్ను మరదలా అని కసరాలి. ఒకరోజు తమ్ముడు సరిగా తినడం లేదు, ఏం కూర వండేవే మరదలా అని దబాయించింది. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆయనకి నవ్వితే ఆయాసం వచ్చేది, ఆపమని చెయ్యి ఊపేవాడు. ఆ ఇంట్లో నవ్విన ఆఖరి రోజులు అవే.

అక్కా అనడం ఆయనకి అంత తేలిగ్గా రాలేదు. అడిగితే అనేవాడు. అడక్కపోతే మళ్ళీ చెల్లాయే. పొరపాటైనప్పుడల్లా నాలిక కరుచుకునేవాడు. నేను అంగన్‌వాడీ పిల్లలకి చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ అనిపించాను.

పరీక్షలన్నీ అయ్యాయి. రక్తం కలిసింది. అరవై ఏళ్ళకి ఇంత మంచి కిడ్నీ నేను చూళ్ళేదమ్మా అని డాక్టరుగారు మెచ్చుకుంటే మాలక్ష్మి తల వంచుకుంది. కమిటీ రోజు మమ్మల్ని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగారు. నేను తడబడకుండా మా పెద్దాడపడుచండి అన్నాను. మాలక్ష్మి మా తమ్ముడండి అంది. మా ఆయన కూడా లోపల మా అక్కండి అనే చెప్పాడట, బయటికొచ్చి నావైపు చూసి తలూపాడు. పాసైన పిల్లాడిలా ఉన్నాడు.

తర్వాత ముగ్గుర్నీ కలిపి పిలిచారు. బల్లకి అవతల నలుగురు. మధ్యలో ఒక డాక్టరమ్మ, నెమ్మదైన మనిషి. ఇవతల ఒక్కటే కుర్చీ ఉంది, అందులో ఆయన్ని కూర్చోమన్నారు. మేమిద్దరం వెనక నిలబడ్డాం. ఆవిడ ఏదో రాసుకుంటోంది. మాలక్ష్మి ఆ ఉదయం మళ్ళీ ఏదో రక్తపరీక్షకని ఏమీ తినలేదు, మధ్యాహ్నం దాటింది. కాలు మార్చుకుని గోడకి ఆనుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చూసి, కుర్చీ చేతులు పట్టుకుని, కష్టపడి లేచాడు.

"నువ్వు కూచో చెల్లాయ్. పొద్దుట్నించీ ఏమీ తిన్లేదు," అన్నాడు.

డాక్టరమ్మ కలం ఆగింది. ఆయనకి ఒక క్షణం తర్వాత అర్థమైంది. అక్కండి, మా అక్క, అని రెండుసార్లు అన్నాడు. కూర్చోవాలో నిలబడాలో తెలీక కుర్చీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"చిన్నప్పట్నించీ ముద్దుకి అలాగంటాడండి," అంది మాలక్ష్మి.

"అక్కని చెల్లాయ్ అని ఎవరు పిలుస్తారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. తెలుగు తెలిసినవాళ్ళెవరైనా అదే అడుగుతారు.

ఆవిడే చెప్పింది. అన్నాచెల్లెళ్ళమని, అక్కాతమ్ముళ్ళమని కాగితాలు పుట్టించుకుని వస్తున్నవాళ్ళు ఉన్నారట. మీరలాంటివాళ్ళని నేననడం లేదు, కానీ ఇది విన్నాక సంతకం పెట్టలేను అంది. డి.ఎన్.ఏ. పరీక్ష చేయించి, అది వచ్చాక మళ్ళీ కమిటీ ముందుకు రమ్మంది. తేదీ ఫోన్లో చెప్తారంది. ఆవిణ్ణి తిట్టుకోవడానికి కూడా నాకు కారణం దొరకలేదు, అదొక బాధ.

అక్కడే నిజం చెప్పేస్తే పోయేదిగా అని తర్వాత పేటలో చాలామంది సలహా ఇచ్చారు. గట్టు మీద కూర్చున్నవాళ్ళకి ఈత సులువే. నిజానికి రుజువేదీ? మేం నిజమని చెప్పుకునేది ఒక్క కాగితంలోనూ లేదు. కాగితాల్లో ఉన్నదాన్ని మేమే అబద్ధమంటే, ఇంక ఆ మనిషి బంగారరాజు చెల్లెలని మాత్రం ఎందుకు నమ్మాలి?

తిరుగు ప్రయాణంలో ఆయన రాజోలులో దిగి ఆటో ఎక్కేటప్పుడు మాలక్ష్మి చెయ్యి అందించింది. "పద అక్కా," అన్నాడు.

సాధన చేస్తున్నాడనుకున్నాను. మర్నాడూ అక్కా అనే పిలిచాడు. ఆ మర్నాడూ అంతే. ఇంక నేను అనిపించక్కర్లేకపోయింది. మందులేవక్కా, ఆ దుప్పటి ఇటియ్యక్కా, ఎండలోకెళ్ళకక్కా. నిద్రలో కలవరించినా అదే మాట. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నప్పుడు కూడా అదే. ఒకరోజు మాలక్ష్మి ఉండబట్టలేక, ఇక్కడెవరున్నారన్నయ్యా, మామూలుగా పిలువు అంది. ఆయన భయంగా గుమ్మం వైపు చూశాడు. నోరు జారింది ఒక్కసారి చాలు, మళ్ళీ అలవాటు పడితే ఆ గదిలో మళ్ళీ అదే వస్తుంది అన్నాడు. ఆ తర్వాత మాలక్ష్మి, ఆయన అలా పిలిచినప్పుడల్లా పలికేది. పలికి, లేచి వెళ్ళి అడిగింది తెచ్చిచ్చేది.

పరీక్ష ఫలితం వచ్చింది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఎవరు ముందో ఎవరు వెనకో అది చెప్పదట. కమిటీ తేదీ మాత్రం రాలేదు. శ్యామ్ బాబుకి ఫోన్ చేస్తే ఫైలు కదిలిందండి, ఈసారి మాత్రం ఎవరూ తడబడకండి అనేవాడు. ఆయ్ అనేవాళ్ళం.

శ్రావణంలో గోదావరి పెరిగింది. ఆయన ఒళ్ళంతా నీరు పట్టింది. డయాలసిస్‌వాళ్ళకి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఇంటి ముందు అంత నది పారుతుంటే మాలక్ష్మి చిన్న గ్లాసుతో కొలిచి పోసేది, ఆ పని నాకిచ్చేది కాదు, నేను జాలిపడి ఎక్కువ పోస్తానని. నిజమే, పోసేదాన్ని. ఆ రోజు వాటా మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం ఆయనకి ఊపిరి బరువైంది. కారుకి కబురుపెట్టాం. తల మాలక్ష్మి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, కొంచెం నీళ్ళియ్యి," అన్నాడు.

తను తడిగుడ్డతో పెదాలు తుడిచింది. నీళ్ళు ఇవ్వలేదు. ఆస్పత్రికి వెళ్ళగానే ఇస్తాను తమ్ముడూ అంది. కారు వచ్చేలోపే అయిపోయింది. ఆ తర్వాత నీళ్ళు మేమే పోశాం, నోట్లో తులసాకు పెట్టి, ఎన్ని పోసినా పక్కకి కారిపోయాయి.

నాకు ఏడుపు రాలేదు. అందరూ నన్ను ఏడవమన్నారు, ఏడవకపోతే గుండె పట్టేస్తుందన్నారు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించాను, కాఫీలు పెట్టించాను. మాలక్ష్మి కూడా ఏడవలేదు. రోజూ పొద్దున్నే లేచి ఆ చిన్న గ్లాసు కడిగి బోర్లించేది. పెద్దకార్యం ముందు రోజు మాత్రం, గారెలకి పప్పు కడుగుతూ, తలెత్తకుండా ఒక మాట చెప్పింది. వదినా, చివరి రెండు నెలలూ అన్నయ్య నన్నొక్కసారి కూడా పిలవలేదు అంది. పిలవకపోవడమేంటి, పొద్దస్తమానం పిలుస్తూనే ఉన్నాడుగా అనబోయాను. ఆగిపోయాను.

పెద్దకార్యమైన నాలుగో రోజు విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. శ్యామ్ బాబు కాదు, ఎవరో కొత్తమ్మాయి. కమిటీ తేదీ ఖాయమైందట, వివరాలు సరిచూసుకోవాలట. ఫోను మాలక్ష్మి చేతిలో ఉంది, స్పీకర్లో పెట్టింది. పేషెంటు పేరు బంగారరాజు గారేనా అంది ఆ అమ్మాయి. అవునంది. మీరు డోనరా అంది. అవునంది.

"పేషెంటుకి మీరేమవుతారమ్మా?"

మాలక్ష్మి నావైపు చూసింది. నిజం చెప్పెయ్యమన్నట్టు నేను తలూపాను. ఇంక మాకు వచ్చే నష్టమేముంది. తను నన్ను చూస్తూనే ఉంది, కానీ నేను తలూపడం దానికి కనపడినట్టు లేదు.

"అక్కనండి," అంది. "మా తమ్ముడు పోయేడండి."